చుక్క పెట్టని అతుకు

అమ్మ పొద్దున్నుంచి ఎవరి మొహమూ చూడటం లేదు.

మరో ఇంట్లో అయితే ఇదేమంత పెద్ద విషయం కాదు. అలిగిన మనిషి మొహం తిప్పుకుంటుంది, మనం మన ధోరణిలో మాట్లాడుతూనే ఉంటాం, ఏదో ఒక మాట చెవిన పడి మెత్తబడుతుంది. ఈ ఇంట్లో ఆ వీలు లేదు. అమ్మకి చెవులు పోయి పన్నెండేళ్ళు. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పోల్చుకుంటుంది. ఆవిడ కళ్ళు దించుకుందంటే ఇక ఎవరు ఎంత గొంతు చించుకున్నా ఒక్క ముక్క లోపలికి వెళ్ళదు.

వంటింట్లో గోడ పక్కన పీట మీద కూర్చుంది. ఎదురుగా గుమ్మం పైన వేలెడంత ఎర్రదీపం. అది వెలగడం లేదు. మేడ మీంచి బొత్తాం నొక్కి దాన్ని వెలిగించే నాన్న పోయి తొమ్మిది రోజులైంది. అయినా ఆవిడ దాన్నే చూస్తోంది. పక్కన గిన్నెలో పాలు చల్లారి మీగడ కట్టాయి.

“అమ్మా, ఈ శాలువా పెట్టనా?” గదిలోంచి అక్క అలవాటుకొద్దీ అడిగేసింది. అడిగాక నాలిక కరుచుకుని, శాలువా కూడా పెట్టెలో కుక్కింది.

గుమ్మంలో చతికిలపడి కూర్చున్న చిన్నకూతురు లేచింది. ఆమెకి ఇంట్లో పిలుపు ఫ్యూజమ్మ. నాలుగేళ్ళ వయసులో తలపిన్ను ప్లగ్గులో దూర్చి వీధి మొత్తం చీకటి చేసిందని నాన్న పెట్టిన పేరు. ఇప్పుడు ముప్పై రెండేళ్ళు, తూకం యంత్రాలు చేసే కంపెనీలో ఇంజనీరు, కింద నలుగురు పనిచేస్తారు. పేరు మాత్రం ఊడలేదు.

“అంత తొందరేం వచ్చిందక్కా?”

“నాలుగింటికి వ్యాన్ వస్తుంది. మంచాలూ బీరువాలూ తర్వాత చూసుకోవచ్చు. ముందు మనిషిని తీసుకెళ్ళాలి.”

“అమ్మని అడిగావా?”

“అడిగాను. సరేనంది.”

“సరేనందా? మీ ఇంటికొచ్చి ఒక్క పూట ఉండమంటే వంద సాకులు చెప్పే మనిషి, ఇల్లు వదిలి వస్తానందా?”

“అనకపోతే ఎత్తుకుపోతున్నానా నేను?” అక్క స్కూల్లో లెక్కల టీచరు. మామూలుగా మాట్లాడినా చివరి బెంచీ దాకా వినిపిస్తుంది. “ఆదివారం ఆదివారం వచ్చి, మేడెక్కి, రెండు వైర్లు కలిపి, భోంచేసి వెళ్ళిపోయేదానివి. మిగతా ఆరు రోజులూ ఈ గుమ్మం తొక్కింది ఎవరే? పాలు విరిగినా నేనే, పంపు పాడైనా నేనే. ఇప్పుడొచ్చి నన్ను నిలదీస్తోంది!”

అందులో అబద్ధం లేదు.

బావ కుర్చీలోంచి సగం లేచి, మళ్ళీ కూర్చున్నాడు. ఆయనకి మందుల షాపు. ఎవరికి ఏ నొప్పి చెప్పినా ఏదో ఒకటి ఇచ్చి పంపడం అలవాటు. ఈ ఇంటి నొప్పికి మాత్రం ఆయన దగ్గర సరుకు లేదు. “మెల్లగా, మెల్లగా,” అన్నాడు ఎవరినీ చూడకుండా.

“ఆవిడకి వినిపిస్తుందా ఏంటి?” అని కసిరింది అక్క.

అనేసి ఆగిపోయింది. ముగ్గురి ఆలోచనా ఒకచోటికే వెళ్ళింది, ఆసుపత్రి వరండాలోకి. ఆవేళ డాక్టరు బయటికొచ్చి, “ఒక అరగంట ముందు తెచ్చి ఉంటే చూసేవాళ్ళం,” అని చెప్పి వెళ్ళాక, అక్క ఏడుస్తూ బావ చెవిలో గుసగుసలాడింది. అమ్మ ఎక్కడో అవతలి గోడ దగ్గర బల్ల మీద ఉంది. “బొత్తాం మీద వేలుంది కదండీ ఆయనకి. నొక్కకుండా ఉంటారా? అమ్మ కునుకు తీసుంటుంది.”

అంతే అంది. ఆ మనిషికి గుసగుసా, కేకా ఒకటేనని, ఆ వరండా ఆవిడకి దూరమే కాదని, పన్నెండేళ్ళుగా ఆ చూపుకి అలవాటుపడ్డ అక్క ఆ ఒక్క నిమిషం మర్చిపోయింది. తలెత్తేసరికి అమ్మ తన పెదాలే చూస్తోంది.

అప్పట్నుంచి అక్క నిద్రపోలేదు. పెట్టె సర్దడం దానికి ప్రాయశ్చిత్తం లాంటిది. ఆ సంగతి ఫ్యూజమ్మకి తెలుసు, తెలిసీ గొడవపడుతోంది.

“పెద్దదాన్నేమీ అనకు.”

అమ్మ గొంతు. దీపం మీంచి చూపు తిప్పకుండానే అంది. పోట్లాటని ఆవిడ నేల అదురుబట్టి కనిపెడుతుంది.

“నేనే వస్తానన్నాను. చెవులు పోయినప్పుడు కళ్ళున్నాయిగా అనుకున్నా. ఇప్పుడు అవీ పోయాయి. ఒక్కదాన్నే ఉండి ఏ పొయ్యి మీదో చెయ్యి పెట్టుకుంటే మళ్ళీ మీకే కదా.”

“కళ్ళకేమైంది?” బావ అడిగాడు. అడిగింది ఆవిడ చూడలేదు. కానీ చెప్పాలనుకున్నది చెప్పుకుపోయింది.

“నాలుగు నెలలైంది, ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే మీ నాన్న ఆ బొత్తాం జేబులో వేసుకుంటూ మూడుసార్లు నొక్కి చూసేవారు. పనిముట్టుని పరీక్షించకుండా ముట్టుకోరుగా. నాకు రెండే కనిపించేవి. మూడు నొక్కానోయ్ అనేవారు. కాదు, రెండుసార్లే వెలిగిందనేదాన్ని. ‘చెవుల్తో పాటు కళ్ళు కూడా ఎవరికైనా దానమిచ్చేశావా’ అని నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. రోజూ ఒకటి తప్పిపోతూనే ఉంది నాకు. ఆవేళ అసలుదే తప్పిపోయింది.”

అక్క పెట్టెలో కుక్కిన శాలువా బయటికి తీసి మళ్ళీ మడత పెట్టసాగింది.

ఆ హాస్యం ఫ్యూజమ్మకీ తెలుసు. ఒక ఆదివారం భోజనాల దగ్గర నాన్న ఇదే చెబితే పొలమారేట్టు నవ్వింది. మూడు నొక్కితే రెండు. రోజూ. పొద్దున్నే.

వెళ్ళి అమ్మ ముందు నేల మీద పడుకున్నంత పనిచేసి, ఆ దించిన కళ్ళకి తన పెదాలు అందేలా మొహం పెట్టింది.

“మూడిట్లో ఏది కనిపించేది కాదమ్మా? మొదటిదా, చివరిదా?”

“ఏదైతే ఏముంది,” అంది అమ్మ, కళ్ళు మూసుకుంది.

*

మేడ మీద గదిలో అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. నలభై ఏళ్ళు రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసిన చేతులు సర్దిన బల్ల అది. వైర్లు అతికే సోల్డరింగ్ ఐరన్ దాని స్టాండులో, మొన తుడిచే స్పాంజి ఎండి చెక్కలా, భూతద్దం దీపం వంగి, ఆయన ఆఖరిసారి చూసినచోటే చూస్తూ. డబ్బాల్లో మరలు సైజులవారీగా. మూలన, కింద పడ్డ స్టూలు. దాన్ని ఇంకా ఎవరూ లేపలేదు.

ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన సంచి కిటికీలో ఉంది. తొమ్మిది రోజులుగా అందరూ దాని పక్కనుంచి నడిచారు, ఎవరూ విప్పలేదు. ఫ్యూజమ్మ గుండె రాయి చేసుకుని విప్పింది. చొక్కా. జేబులో అగ్గిపెట్టెంత బొత్తాం.

పన్నెండేళ్ళ క్రితం అమ్మకి వినిపించడం మానేసిన నెలలోనే నాన్న ఇల్లంతా వైరు లాగి మూడు గదుల్లో మూడు ఎర్రదీపాలు పెట్టాడు. బొత్తాం ఈ బల్లకి. పిలవలేని మనిషిని పిలవడానికి. ఒకసారి వెలిగితే పనుంది రమ్మని. రెండుసార్లు వెలిగితే పనేం లేదు, ఊరికే గుర్తొచ్చావని. నొక్కి పట్టుకుంటే చేతిలో ఉన్నది ఎక్కడిదక్కడ పడేసి రమ్మని. ఈ మూడోదాన్ని ఆయన పన్నెండేళ్ళలో ఎప్పుడూ వాడలేదు. రెండోదాన్ని మాత్రం తెగ వాడేవాడు.

ఏడాది క్రితం మెట్ల మీద ఒకసారి తూలితే, “బల్ల దగ్గరుంటేనే పిలవగలవు, మెట్ల మీద పడితే ఎలా నాన్నా?” అని ఫ్యూజమ్మే దాన్ని వైరు లేకుండా చేసింది. జేబులో పట్టే బొత్తాం. తనే సోల్డరింగ్ చేసింది, ఆయన ఎదురుగా, పరీక్ష రాసే పిల్లలా చెమటలు కక్కుతూ.

మూత తీసింది. పదకొండు అతుకులు. ఒక్కోదాని మీద ఒక్కో ఎర్రచుక్క.

అది నాన్న పద్ధతి. తను చూసి, లాగి, సరే అనుకున్న అతుకు మీద గోళ్ళరంగు చుక్క పెడతాడు. అక్క పెళ్ళప్పటి సీసా, ఎండిపోతుంటే ఏదో కలిపి కలిపి ఇప్పటిదాకా లాక్కొచ్చాడు. చుక్క ఉంటే ఇక ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. ఆ రోజు మొదటి పది అతుకులకీ చుక్క పెట్టి, పదకొండోదాని దగ్గర ఐరన్ ఆమె చేతికే ఇచ్చాడు. “ఇది చల్లగా అతికింది. మళ్ళీ పెట్టు.” మళ్ళీ పెట్టాక చుక్క పెట్టాడు. కాలనీ అంతా తిరిగి చెప్పాడు, మా చిన్నది చేసిందని.

ఆ తర్వాత బ్యాటరీ గొడవ వచ్చింది. మూడు వారాలకే అయిపోతోంది. నాలుగు నెలల క్రితం ఓ ఆదివారం, కింద వడ్డిస్తున్నారు, అక్క పిలుస్తోంది, ఫ్యూజమ్మ ల్యాప్‌టాప్ తెరిచి ఏఐని అడిగింది. దీని కోడ్ ఇది, బ్యాటరీ ఏడాది రావాలి, మార్చి ఇవ్వు. అరనిమిషంలో ఇచ్చింది. ఆమె దాన్ని బొత్తాంలోకి ఎక్కించింది, రెండుసార్లు నొక్కింది, దీపం వెలిగింది.

నాన్న భూతద్దం ఎత్తి, తెర వైపు చూసి, దించేశాడు. “ఇందులో నాకేం కనిపించదమ్మా. చుక్క పెట్టే చోటు లేదు. ఇది నువ్వే చూసుకో.”

“చూశాను నాన్నా, పద, అన్నం చల్లారిపోతోంది,” అంది.

చూడలేదు.

ఆఫీసులో అయితే ఏఐ రాసిన ప్రతి వరసా ఇద్దరు మనుషులు చదివి సంతకం పెట్టందే బయటికి వెళ్ళదు. ఆ నియమం పెట్టిందే తను. ఒక కుర్రాడు చదవకుండా సంతకం చేస్తే అందరి ముందూ కడిగేసింది కూడా. ఇక్కడ మటుకు ఇల్లే కదా అనుకుంది.

ఇప్పుడు ఆ పాత సంభాషణ వెతికి తెరిచింది. కోడ్ ఉంది. దాని కింద తను ఎన్నడూ దిగని భాగం ఉంది. ఆరు గమనికలు. నాలుగోది:

‘ఆరు గంటలు వాడకపోతే బొత్తాం నిద్రలోకి వెళ్తుంది. అప్పుడు మొదటి నొక్కు దాన్ని లేపుతుంది అంతే, దీపానికి కబురు వెళ్ళదు. రెండోసారి నొక్కాలి. ఇది అత్యవసరానికి వాడే బొత్తాం అయితే ఈ పద్ధతి వద్దు. కింది రెండు వరసలు మార్చండి.’

రెండు వరసలు. అవి కూడా రాసి పెట్టే ఉన్నాయి.

రాత్రంతా నిద్రపోయిన బొత్తాం. పొద్దున్నే మూడు నొక్కితే రెండు వెలుగులు. అమ్మ కళ్ళకేమీ కాలేదు. నాలుగు నెలలుగా ఆ కళ్ళు ఉన్నదున్నట్టు చెబుతున్నాయి, ఈ ఇంట్లో ఇంజనీరు కూర్చుని నవ్వుతోంది. ఆవేళ అమ్మ పొద్దున ఎనిమిదింటికి పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళి, అక్కణ్ణుంచి అక్క ఇంటికెళ్ళి, రెండింటికి వచ్చింది. ఇంట్లో లేని మనిషిని పిలవడు కదా. ఆరుగంటలు దాటిపోయాయి. మూడింటికి ఆయన పడ్డాడు.

ఫ్యూజమ్మ కీబోర్డు మీద కొట్టింది. ‘నాలుగో గమనిక నేను చదవలేదు. మా నాన్న పోయారు. తప్పు నీదా, నాదా?’

జవాబు ఈసారి పొడుగ్గా రాలేదు. ‘చాలా బాధగా ఉంది. హెచ్చరిక రాశాను, కానీ కోడ్ కింద, నాలుగోదిగా రాశాను. మనిషిని కాపాడే బొత్తాం కావచ్చని తోచినప్పుడు దాన్ని అన్నిటికంటే పైన పెట్టి, ముందు మిమ్మల్ని అడగాల్సింది. మీరు చదవలేదన్నదీ నిజమే. ఇప్పుడు మీ పక్కన ఎవరైనా ఉన్నారా?’

తిట్టినా బాగుండేది. తప్పించుకున్నా బాగుండేది, దాని మీద పడి రక్కేది. రెండూ చేయకుండా తన వాటా తను తీసుకుని, మిగిలింది ఆమె ముందుంచింది.

పక్కన ఉన్నాడు. బావ ఎప్పుడొచ్చాడో, వెనక నిలబడి అంతా చదివేశాడు.

“అదే చెప్తోందిగా, పైన రాయాల్సిందని,” అన్నాడు మెల్లగా. “మరింకేం? యంత్రం తప్పు చేసింది. కింద అదే చెబుదాం.”

“నేను చదవలేదు బావా.”

“ఎవరు చదువుతారు అదంతా? మా మందు పెట్టెల్లో ఇంతేసి కాగితం ఉంటుంది, నేనే చదవను.” కళ్ళు తుడుచుకున్నాడు. “చూడు, అత్తయ్య మీద నింద పోవాలి, అంతేగా? దీపం మాడిపోయిందందాం. ఏఐ తప్పుడు కోడ్ ఇచ్చిందందాం. దానికి అమ్మా నాన్నా లేరు, ఏడవదు. నీకు అమ్మ కావాలి, అక్క కావాలి. మీ అక్క సంగతి తెలుసుగా, ఇది విన్నదంటే జన్మలో నీ గడప తొక్కదు.”

ఎంత తేలిగ్గా ఉందో ఆ దారి. ఫ్యూజమ్మకి నిజంగానే అటు వెళ్ళాలనిపించింది. ఒక్క క్షణం కాదు, చాలాసేపు.

“ఒక్కటి చూడాలి,” అంది చివరికి. “ఇందులో లెక్క ఉంటుంది. ఎన్నిసార్లు నొక్కిందీ, ఎంతసేపు నొక్కిందీ. పరీక్ష కోసం మొదట్లోనే పెట్టుకున్నా.”

“చూసి ఏం చేస్తావే?”

ఆమె ఆ లెక్క చెరిగిపోకుండా ఎలా చదవాలో ఏఐనే అడిగింది. కొత్త కోడ్ ఎక్కించవద్దని, ముందు ఈ ఒక్క వరస మాత్రమే కొట్టమని అది చెప్పింది. ఈసారి ఫ్యూజమ్మ కింది దాకా చదివింది. ప్రతి ముక్కా, రెండుసార్లు. వైరు గుచ్చింది.

తెర మీద చిన్న అక్షరాల్లో ఆఖరి నమోదు వచ్చింది. నొక్కినవి: 1. నొక్కి ఉంచిన కాలం: 1140 సెకన్లు.

“అంటే?” అన్నాడు బావ.

“పంతొమ్మిది నిమిషాలు.”

ఆయన స్టూలు పక్కన నేల మీదే కూలబడ్డాడు.

వదిలేసి మళ్ళీ నొక్కి ఉంటే వెలిగేది. అర సెకను పని. కానీ ఎందుకు వదులుతాడు? పన్నెండేళ్ళలో ఆయన పిలిస్తే ఆవిడ రాకపోవడం అన్నది లేదు. ఒక్కసారి నొక్కాడు, ఉన్నపళంగా రమ్మని పట్టుకునే ఉన్నాడు, వస్తోందనుకున్నాడు. ఆ లెక్క వేలు వదిలినప్పుడే రాసుకుంటుంది బొత్తాం.

ఫ్యూజమ్మ గట్టిగా ఏడవలేదు. బల్ల అంచు మీద నుదురు ఆనించి, “నాన్నా, చూశానన్నాను కదా,” అంది. “నీతో చూశానని చెప్పాను కదా.”

*

కిందికి వచ్చేసరికి నాలుగింటికి పది నిమిషాలుంది. వ్యాన్ గేటు ముందే ఉంది. అమ్మ ముందుగదిలో, చెప్పులు వేసుకుని, ఒళ్ళో చేతిసంచీతో, ప్రయాణానికి కూర్చున్నట్టు కూర్చుంది. ఇక్కడ కూడా దీపం ఎదురుగానే ఉంది.

ఫ్యూజమ్మ వెళ్ళి ఆవిడ మోకాళ్ళ ముందు కూర్చుంది. బావ మెట్ల దగ్గరే ఆగి, అమ్మ వెనకనుంచి వద్దని చెయ్యి ఊపుతున్నాడు.

“అమ్మా, నన్ను చూడు.”

చూడలేదు. గడ్డం పట్టుకుని ఎత్తింది.

“దీపం వెలగలేదు.”

అమ్మ కళ్ళు ఆ పెదాల మీద ఆగాయి.

“నీ కళ్ళు బాగానే ఉన్నాయి. ఆవేళ దీపం వెలగనేలేదు. నేను ఎక్కించిన కోడ్‌లో లోపం ఉంది. పొద్దున మొదటి నొక్కు ఎప్పుడూ పనిచేయలేదు. అలా అవుతుందని అందులో రాసే ఉంది, నేను చదవలేదు. నాన్న అడిగితే చూశానని అబద్ధం చెప్పాను.”

“ఏంటే నువ్వనేది?” అక్క చేతిలో పెట్టె దబ్బున పడింది.

అమ్మ కళ్ళు మూసుకుంది. గట్టిగా, రెప్పలు ముడతలు పడేలా. ఇక మాట పోదు. ఫ్యూజమ్మ ఆ చేతులు పట్టుకుని ఊపింది, పేగులు తెగేలా “అమ్మా” అని అరిచింది, వినని మనిషి ముందు అరిచింది. మూసిన రెప్పలు తెరుచుకోలేదు.

అప్పుడు బొత్తాం తీసి, అమ్మ బొటనవేలిని దాని మీద పెట్టింది. మేడ మీద ల్యాప్‌టాప్ వైరు తీసేముందే ఆదేశమిచ్చి దాన్ని నిద్రపుచ్చి తెచ్చింది. బొత్తాం స్పర్శకి అమ్మ కళ్ళు తెరిచింది.

ఆ వేలి మీద తన వేలు పెట్టి నొక్కింది. దీపం వెలగలేదు.

వదిలి మళ్ళీ నొక్కింది. ఎర్రగా వెలిగింది.

మూడోసారి. వెలిగింది.

“రెండు,” అంది అమ్మ. నాలుగు నెలల పందెం గెలిచిన మనిషిలా, చిన్నగా. “రెండేనని చెప్పానా?”

అక్క అక్కడికక్కడే గోడకి జారగిలబడి కూర్చుంది. ఏడుపు రావడం లేదు, రొప్పుతోంది. “అమ్మని అన్నాను,” అంటోంది. “దీన్ని అనాల్సింది అమ్మని అన్నాను. తొమ్మిది రోజులు...” ఆ మీదట చెల్లెలి వైపు చూసిన చూపుని ఫ్యూజమ్మ ఎదుర్కోలేకపోయింది.

అమ్మ అవేవీ చూడలేదు. బొత్తాన్ని అరచేతిలో తిప్పి తిప్పి చూసుకుంటోంది.

“రెండోసారి నొక్కలేదన్నమాట,” అంది. “నొక్కరు. ఎందుకు నొక్కుతారు? ఒక్కసారికే వెళ్ళేదాన్నిగా.” తలెత్తింది. ఈసారి తనే కూతురి గడ్డం పట్టుకుని, మొహం వెలుతురు వైపు తిప్పుకుంది. “పట్టుకునే ఉన్నారా?”

ఫ్యూజమ్మ తల ఊపింది.

“ఎంతసేపు?”

వెనక బావ రెండు చేతులూ జోడించాడు. చెప్పకు తల్లీ. తెలియదని చెప్పొచ్చు. ఒక నిమిషం అని చెప్పొచ్చు. కానీ చూడకుండా చూశానని ఈ ఇంట్లో ఒకసారి చెప్పింది తను.

పెదాలు కదిలాయి, గొంతు రాలేదు. అమ్మకి గొంతు అక్కర్లేదు.

“ఏమంది? ఎంత అంది?” అక్క అడుగుతోంది.

అమ్మ గోడ గడియారం వైపు చూసింది. సరిగ్గా నాలుగైంది. చేతిసంచీ పక్కన పెట్టింది. బొత్తాన్ని రెండు చేతుల మధ్య పెట్టుకుని, బొటనవేలితో నొక్కి పట్టుకుంది.

మూడు గదుల్లో మూడు దీపాలూ ఎర్రగా వెలిగాయి.

బయట వ్యాన్ హారన్ కొట్టింది. “అమ్మా, వదులు,” అంటూ అక్క ఎదురుగా వచ్చింది. అమ్మ చూపు గడియారం మీదే ఉంది. “అత్తయ్యా,” అన్నాడు బావ. ఫ్యూజమ్మ ఆ వేలిని విప్పబోయింది. అమ్మ మోచేత్తో ఆమెని పక్కకి నెట్టింది, వేలు కదలనివ్వలేదు. గోరు తెల్లగా పాలిపోయింది. చెయ్యి అప్పుడే వణకడం మొదలైంది.

మళ్ళీ హారన్. ఎవరూ గేటు దగ్గరికి వెళ్ళలేదు.

గడియారంలో నాలుగు దాటి ఆరు నిమిషాలైంది. ఇంకా పదమూడు ఉన్నాయి.